హనుమకొండలో చేయించిన రెండు పుట్టిన సంవత్సరం ఫ్రేములు

2025 అక్టోబరులో నాకు అరవై నిండాయి. బెంగళూరులో ఉంటున్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఒక ఫ్రేము కొని పంపింది. పుట్టిన సంవత్సరం చెబితే చాలు, ఆ ఏడాది విశేషాలు, మన వయసు, మనది ఏ తరమో అచ్చువేసి అద్దం బిగించి ఇంటికి పంపుతారు. ధర 1,299 రూపాయలు. ప్యాకింగ్ బాగుంది, అద్దానికి చిన్న గీత కూడా పడలేదు. కానీ అందులో రాసినదాంట్లో నాకు సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు. వారం రోజులు హాల్లో పెట్టి చూసి, తీసి బీరువా మీద పెట్టేశాను. తర్వాత మా హనుమకొండలోనే ఒక చిన్న దుకాణంలో నాకొకటి, మా అమ్మకొకటి చేయించాను. ఇలాంటి బహుమతి కొనాలనుకునేవారికి పనికొస్తుందని ఈ మూడింటి గురించీ రాస్తున్నాను.

ముందు ఆన్‌లైన్ ఫ్రేము సంగతి. మా అమ్మాయి నా సర్టిఫికెట్లలో ఉన్న తేదీ ఇచ్చింది, 1964 జూన్ 1. ఆ ఏడాది అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అని పైన రాశారు. దాని కింద గాలను పెట్రోలు ధర, కొత్త ఇంటి ధర, అన్నీ డాలర్లలోనే. 1964 మే 27న నెహ్రూ చనిపోయారు. నా కాగితాల పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు దేశమంతా కన్నీరు పెట్టుకుంది. జూన్ 9న లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని అయ్యారు. ఇవేవీ అందులో లేవు. మన దేశంలో అమ్మే వస్తువులో మన దేశం ఊసే లేకపోతే ఎలా? ఎక్కడో తయారైన పట్టికను తెచ్చి ఇక్కడ అచ్చుకొడుతున్నారని చూడగానే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాలతో, నేను 'బేబీ బూమర్' తరం అని ఉంది.

నేను ఇక్కడే ఆగిపోయాను. ఎందుకంటే నేను నిజంగా పుట్టింది 1965లో. 1970 జూన్‌లో మా అక్కను బడికి పంపుతుంటే నేనూ వెళ్తానని ఏడ్చానట. అక్క రెండో తరగతి. ఆ రోజుల్లో వయసు చూడటానికి కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. నా చెవి నాకు అందలేదు. అయినా నాకు అక్షరాలు వచ్చని చూసి మా సారు నన్ను కూడా అక్క పక్కనే రెండో తరగతిలో కూర్చోబెట్టారు. ఆ తరగతికి ఆరేళ్ళు ఉండాలి కాబట్టి 1964 జూన్ 1 అని రాశారు. ఆయన మంచికే చేశారు, నాకు చదువు అబ్బింది ఆయన వల్లే. కానీ ఆ ఒక్క గీతతో నాకు పదహారు నెలల వయసు ఎక్కువ వచ్చింది. ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి, 61 ఏళ్ళు నిండాయని 2025 మే 31న రిటైర్ అయ్యాను. ఒకటో తేదీన పుట్టినట్టు కాగితం ఉన్నవారు అంతకు ముందు నెల చివరి రోజే దిగిపోవాలి. అప్పటికి నాకు నిజానికి అరవై కూడా నిండలేదు.

ఇప్పుడు తరాల లెక్క చూడండి. ఎక్కువగా వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం 1946 నుంచి 1964 వరకు పుట్టినవారు బేబీ బూమర్లు. 1965 నుంచి 1980 వరకు జనరేషన్ ఎక్స్. 1981 నుంచి 1996 వరకు మిలీనియల్స్. 1997 నుంచి 2012 వరకు జెన్ జీ. అంటే కాగితం ప్రకారం నేనొక తరం, మా అమ్మ కడుపున పుట్టిన లెక్కన ఇంకో తరం. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, సరిహద్దు గీత సరిగ్గా నా రెండు పుట్టినరోజుల మధ్య పడింది. దాన్ని పట్టించుకోకుండా వదిలేసేదాన్నే. కానీ మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పుట్టింది 1947 ప్రాంతంలో. ఆ ఫ్రేము లెక్కలో అమ్మా నేనూ ఒకే తరం!

నిజాం రాజ్యంలో పుట్టి, బడి మొహం చూడకుండా, పదిహేనేళ్ళకే కాపురానికి వచ్చిన మనిషి. ఆమె కూతురిగా పుట్టి, చదువుకుని, 1989లో ఉద్యోగంలో చేరి, సొంత జీతం తీసుకున్న నేను. మేమిద్దరం ఒకే తరమా? బేబీ బూమ్ అన్న మాట రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు చేరాక అమెరికాలో ఒక్కసారిగా పెరిగిన జననాలను బట్టి వచ్చింది. ఆ దేశానికి అది సరైన పేరే. కానీ వాళ్ళ లెక్క మొదలయ్యే ఆ 1946లోనే, జులై 4న, మా వైపు కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం అక్కడి నుంచి రగిలింది. ఆ ఏళ్ళలో మా పల్లెల్లో పుట్టిన పిల్లలకు అమెరికా పేరు ఎలా అతుకుతుంది? హంగరీలో పుట్టిన సామాజికవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లోనే చెప్పాడు: ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం కారు, ఎదిగే వయసులో ఒకే అనుభవంలో కలిసి నలిగినవాళ్ళే ఒక తరం అవుతారు. పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలకు నేను ఇదే చెప్పాను.

ఇక దుకాణం గురించి. హనుమకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు వెళ్తుంటే సందులో ఉంటుంది. బోర్డు మీద పేరు కన్నా 'ఫొటోలు, లామినేషన్, ఫ్రేములు' అన్న అక్షరాలే పెద్దగా కనిపిస్తాయి. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు చాలదు. బండి చౌరస్తా దగ్గరే పెట్టి నడిచి వెళ్ళడం మేలు. నడిపే అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్ళు. బల్ల మీది అద్దం కింద అరవై తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక పెట్టుకున్నాడు, ప్రభవ నుంచి అక్షయ దాకా. అది చూడగానే నాకు నమ్మకం కుదిరింది.

"టీచర్, అసలు తేదీ వేయాలా, సర్టిఫికెట్ తేదీ వేయాలా?" అన్నది అతను అడిగిన మొదటి ప్రశ్న. ఆన్‌లైన్ వాళ్ళకు తట్టని ప్రశ్న ఇదే. మన వైపు నా వయసు వాళ్ళలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉంటాయని వచ్చినవాళ్ళందరినీ ముందు ఇదే అడుగుతాడట.

అసలు తేదీ చెప్పాను. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిందని రేడియోలో విని మా నాన్న ఇంటికి వచ్చి చెప్పాడట. ఆ తర్వాత పది రోజులకు సద్దుల బతుకమ్మ. ఆ తెల్లవారుజామున నేను పుట్టాను. యుద్ధం సెప్టెంబరు 23న ఆగింది కాబట్టి లెక్క అక్టోబరు మొదటి వారానికి సరిపోతుంది. మా నాన్న పంచాంగం అట్ట వెనుక 'విశ్వావసు' అని రాసిపెట్టిన ముక్క కూడా నా దగ్గరుంది. 2025లో నాకు అరవై నిండేనాటికి నడిచింది మళ్ళీ విశ్వావసు నామ సంవత్సరమే. అరవై ఏళ్ళకు అదే పేరు తిరిగి వస్తుంది, షష్టిపూర్తి అనేది అందుకే. కాగితాల్లోని 1964 జూన్ అయితే క్రోధి. ఈ మాట చెబితే మా అమ్మ, "నువ్వు పుట్టినప్పుడు ఏడవనే లేదు, నీకు క్రోధి ఎందుకు?" అంది.

అతను చేసే పట్టికలో మూడు నిలువు గడులు ఉంటాయి: ఏడాది, అప్పటి వయసు, ఏం జరిగింది. నా దాంట్లో ఏం వేయాలో ఇద్దరం కూర్చుని ఎంచాం. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన మీద పడుతుందని ఊళ్ళన్నీ వణికాయి. నేను పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న రోజులవి. పైసా పైసా కూడబెట్టిన మా పక్కింటి వాళ్ళు కూడా, ఇంకెందుకు దాచుకోవడమని కోళ్ళు కోసుకుని తిన్నారు. అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడింది. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం, పట్టపగలు వీధిలో పిట్ట కూడా కనిపించలేదు. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. 1991లో లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ప్రధాని. 2014 జూన్ 2, తెలంగాణ. స్కైలాబ్, గ్రహణం అని పక్కపక్కన ఉన్న ఆ రెండు వరుసలు చూస్తే నా ఈడు వాళ్ళు ఎవరైనా ఆగి పది నిమిషాలు మాట్లాడతారు. మొన్న మా ఇంటికి వచ్చిన నా స్నేహితురాళ్ళు అదే చేశారు. నా తరం ఏదని ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఆ రెండు వరుసలనే.

మొదటి నమూనాలో ఒక పొరపాటు దొర్లింది. 1979 పక్కన వయసు 14 అని వేశాడు. 79లోంచి 65 తీసేస్తే 14 వస్తుంది, నిజమే. కానీ జులై నాటికి నా పుట్టినరోజు రాలేదు, అప్పటికి నాకు నిండినవి పదమూడే. సంవత్సరంలోంచి సంవత్సరం తీసేసి, ఆ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించాలి. ఆరో తరగతి పిల్లలకు నేర్పే లెక్కే, కానీ తొందరలో పెద్దవాళ్ళం కూడా తప్పుతాం. చెప్పగానే వరుసలన్నీ మళ్ళీ చూసి, ఇంకో రెండు చోట్ల కూడా సరిచేశాడు. అదనంగా డబ్బు అడగలేదు. అక్షరాల్లో కూడా ఒకచోట వత్తు విరిగి పక్కకు జరిగింది, అదీ బాగుచేశాడు. మీరు చేయించుకుంటే మాత్రం నమూనాను కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి. అచ్చయ్యాక మార్చడం కుదరదు.

ఇదంతా అయ్యాక, "మా అమ్మకు కూడా చేయగలవా బాబూ? ఆమెకు ఏ కాగితమూ లేదు" అని అడిగాను. "అమ్మమ్మను తీసుకురండి టీచర్, మాట్లాడి చూద్దాం" అన్నాడు.

అమ్మ ఆధార్‌లో 1950 జనవరి 1 అని ఉంటుంది. తేదీ తెలియనివారిని వయసు ఎంత అని అడిగి, దాన్నిబట్టి ఏడాది లెక్కకట్టి రాశారు. మా అక్క పుట్టింది 1963లో. ఆధార్ లెక్క నిజమైతే అమ్మకు పదమూడేళ్ళకే బిడ్డ పుట్టినట్టు. అమ్మ కాదంటుంది.

సోమవారం మధ్యాహ్నం గిరాకీ తక్కువగా ఉండే వేళ చూసి తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి అమ్మకు ఫ్యాను కింద కుర్చీ వేసి, తాను స్టూలు మీద కూర్చుని, కంప్యూటర్ వైపు చూడకుండా నోటుపుస్తకం తీశాడు. ఏ సంవత్సరంలో పుట్టారని అడగనే లేదు. "అమ్మమ్మా, పోలీసు చర్య అప్పుడు మీరు నడిచేవారా?" అన్నాడు.

"నడకా! మా అమ్మ చంకలో ఉన్నానట. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతున్నానట" అంది అమ్మ.

నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా జరిగింది. గోడ పట్టుకుని నిలబడే బిడ్డ అంటే ఏడాది అటూ ఇటూ. అతను అది రాసుకుని, "మీరు పుట్టినప్పుడు చుట్టుపక్కల పెద్ద గొడవ ఏదైనా అయిందని మీ అమ్మ చెప్పేదా?" అని అడిగాడు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత చెప్పింది. "పరకాలలో జనాన్ని కాల్చిన రోజున నాకు ఇంకా పురుడు చేయలేదట. మా మేనమామ పరకాల నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి చెబితే, మా అమ్మ నన్ను కడుపుకు అదుముకుని రాత్రంతా దీపం పెట్టలేదట."

నాకు అరవై ఏళ్ళు వచ్చాయి. ఈ మాట నేను అంతవరకు వినలేదు. ఎప్పుడూ నేను అడగలేదు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండాతో వచ్చిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపాయి. అక్కడి అమరధామానికి నేను పిల్లలను రెండుసార్లు తీసుకెళ్ళి చూపించాను, పాఠం చెప్పాను. ఆ రోజున పరకాల దగ్గరి పల్లెలో పురిటి గుడ్డల్లో ఉన్న బిడ్డ మా అమ్మ అని నాకు తెలియదు.

పుట్టిన కొద్ది రోజులకే చేసే పురుడు ఇంకా కాలేదంటే పుట్టింది ఆగస్టు నెల. ఆ అబ్బాయి పట్టికలో చూసి సర్వజిత్ నామ సంవత్సరం అన్నాడు. మా తాతగారి భూమి కాగితాల మీద ఫసలీ ఏళ్ళు ఉంటాయని, నిజాం రాజ్యంలో అదే వాడేవారని నేను చెప్పాను. ఆగస్టు కాబట్టి 1947లోంచి 591 తీసేస్తే 1356 ఫసలీ. ఆ అంకె కూడా వేయమన్నాను. సర్వజిత్ మళ్ళీ వచ్చింది 2007లో. అమ్మకు అరవై నిండిన ఏడాది అది. కాగితాలను నమ్మి మేమెవరం గుర్తించలేదు, ఒక కొత్త చీర కూడా పెట్టలేదు.

నమూనా చూపించినప్పుడు తేదీ చోట 'ఆగస్టు 1947' అని మాత్రమే ఉంది. రోజు వేయాల్సిన చోట చిన్న ఖాళీ వదిలాడు. "ఆగస్టు 15 వేద్దామా, గొప్పగా ఉంటుంది?" అని పక్కనున్న గిరాకీ మనిషి సలహా ఇచ్చాడు. "తెలియనిది ఎందుకండీ వేయడం" అని ఆ అబ్బాయి నెమ్మదిగా అన్నాడు. ముప్పై ఆరేళ్ళలో నేను అడ్మిషన్ రిజిస్టరులో ఎంతమంది పిల్లలకు జూన్ 1 అని రాశానో లెక్క లేదు. తల్లి నిలబడి, వాన పడ్డ రోజు పుట్టాడమ్మా అని చెబుతుంటే, ఇంకో రెండు ప్రశ్నలు అడిగే ఓపిక లేక రాసేశాను. వాళ్ళలో మొదటివాళ్ళు ఇప్పుడు నలభై దాటి ఉంటారు. ఆ ఖాళీ గడిని చూస్తుంటే వాళ్ళ ముఖాలు కళ్ళ ముందు తిరిగాయి.

ధరలు చెబుతాను. ఏ3 సైజు 850, దానిలో సగం సైజు 450. చట్రం టేకు రంగు ఫైబరుది, అసలు కర్ర కాదు. కర్ర కావాలంటే ముందే చెప్పాలి, ఎక్కువ అవుతుంది. అద్దం బదులు యాక్రిలిక్ వేస్తానన్నాడు గాని గీతలు పడతాయని నేను అద్దమే వేయించాను. పాత ఫొటోలు పెద్దవి చేసినప్పుడు ముఖం కాస్త నున్నగా అయిపోతోంది. మా అమ్మ నుదుటి మీది మచ్చ మొదటిసారి మాయమైంది, తిరిగి తెప్పించాను. మీ వాళ్ళ ముఖాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచమని గట్టిగా చెప్పండి. గురువారం ఇస్తానని శనివారం సాయంత్రం ఇచ్చాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంకా ఆలస్యం అవుతుందట, ఏదైనా వేడుక ఉంటే పది రోజులు ముందే వెళ్ళండి.

ఒక విషయం పొరబడకండి. ఇది గోడకు పెట్టుకునే జ్ఞాపకమే తప్ప ఏ ఆఫీసులోనూ రుజువు కాదు. ఆ మాటకొస్తే ఆధార్ కూడా పుట్టిన తేదీకి రుజువు కాదని ఆ సంస్థే స్పష్టం చేసింది. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకైతే బడికి, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. ఆ పిల్లలకు రెండు పుట్టినరోజుల బాధ ఉండదు. మీ ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఆ పత్రంలో పేరు, తేదీ ఇవాళే సరిచూసుకోండి.

పెద్దవాళ్ళకు చేయించాలనుకుంటే మాత్రం వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి, మనం వెళ్ళి చెప్పి రావడం కాదు. ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చోబెట్టుకుని అడగండి: ఎవరి పెళ్ళి అయిన ఏడాది, ఏ వరద, ఏ కరువు, ఇంట్లో ఏ ఆవు ఈనింది, అక్క కొడుకు అప్పుడు ఎంతవాడు. ఏడాది అడిగితే వాళ్ళు తెలియదంటారు. ఇవి అడిగితే చెబుతారు.

నా ఫ్రేము హాల్లో ఉంది. అమ్మది ఆమె మంచానికి ఎదురుగా, పడుకుంటే కనిపించేంత ఎత్తులో కొట్టించాను. ఆమెకు చదవడం రాదు. దసరా సెలవుల తర్వాత మా మనవరాలు వచ్చినప్పుడు వేలితో ఒక్కో వరుసా చూపించి చదివించుకుంది. 1356 ఫసలీ అంటే ఏమిటని ఆ పిల్ల అడిగితే, "నిజాం లెక్క" అని చెప్పింది. మొదటి వరుసలో '2 సెప్టెంబరు 1947, పరకాల' అని ఉంటుంది. వయసు రాయాల్సిన గడిలో అంకె లేదు, 'పురిటి బిడ్డ' అని ఉంది. అక్కడికి వచ్చేసరికి అమ్మ, "మళ్ళీ చదువు" అంది.

వచ్చే సోమవారం మా అక్కను తీసుకెళ్తున్నాను.